సాయం అడగండి, పెత్తనం మాత్రం అప్పగించకండి

అమ్మా,

మీరు రాసినది రెండుసార్లు చదివాను. జవాబు చెప్పేముందు నాకు అర్థమైన సంగతిని ఒకసారి చెబుతాను, ఎక్కడైనా పొరబడితే దిద్దండి. మీ వయసు 36. విజయవాడ సత్యనారాయణపురంలో 7,500 రూపాయల అద్దె ఇంట్లో ఉంటూ, ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి నెలకు 18,000 తెచ్చుకుంటున్నారు. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి రెండో తరగతి. ఏడు నెలల కిందట మీ భర్త ఇల్లు విడిచి వెళ్లారు. ఫోను ఎత్తరు, రెండుసార్లు కొంత డబ్బు పంపి తరువాత మానేశారు. ఆయన తల్లి, 68 ఏళ్ల మీ అత్తగారు, మీతోనే ఉండిపోయారు. గుంటూరు కొరిటెపాడులోని మీ పుట్టింటివారు వెంటనే సామాను సర్దుకొని వచ్చేయమంటున్నారు. పెద్దల్లో పెట్టి తేల్చేద్దామని మీ తమ్ముడు పట్టుబడుతున్నాడు. మీ అమ్మగారు రోజూ ఫోనులో ఏడుస్తున్నారు, మీ పిన్నిగారు మొక్కులూ వ్రతాలూ చెబుతున్నారు. "అందరూ నా మంచికే చెబుతున్నారు, కానీ ఫోను పెట్టేశాక నాకు ఊపిరాడడం లేదు, ఎవరి మాట వినాలి?" అని అడిగారు. ఆదివారం మీ నాన్నగారు వస్తున్నారని, అప్పటికి ఏదో ఒకటి చెప్పాలని కూడా రాశారు.

నేనెవరినో చెప్పకుండా సలహా ఇవ్వడం న్యాయం కాదు. విజయవాడలో ఒక కుటుంబ సలహా కేంద్రంలో 22 ఏళ్లు పనిచేసి విరమించాను. అంతకు ముందు, 1996 శ్రావణ మాసంలో, గుంటూరు బ్రాడీపేటలో నాలుగేళ్ల కొడుకును పెట్టుకొని నేనూ మీరున్న స్థితిలోనే ఉన్నాను. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో కొంత వృత్తిలో చూసినది, కొంత నా తల మీదుగా పోయినది.

మీకు ఊపిరాడకపోవడం మీ బలహీనత వల్ల కాదు. మన ఇళ్లలో ఒక మనిషి చనిపోతే ఎవరేం చేయాలో అందరికీ తెలుసు. పలకరింపుకు వచ్చేవాళ్లు వస్తారు, పక్కింటివాళ్లు వండి తెస్తారు, పెద్దకర్మ దాకా పొయ్యి సంగతీ పిల్లల సంగతీ వచ్చిపోయేవాళ్ల సంగతీ ఎవరో ఒకరు చూసుకుంటారు, ఏడవడానికి ఒక చోటూ, లేచి పనిలో పడడానికి ఒక రోజూ కూడా ముందే నిర్ణయమై ఉంటాయి. మనిషి బతికి ఉండి ఇల్లు విడిచి వెళ్లిపోతే దానికి తంతు లేదు, గడువు లేదు. వెళ్తే నొచ్చుకుంటుందేమోనని కొందరు గుమ్మం తొక్కరు. వచ్చినవాళ్లకు ఏం మాట్లాడాలో తెలియక సలహాలు చెబుతారు. ఇటువంటి నష్టాన్ని అమెరికా పరిశోధకురాలు పౌలిన్ బాస్ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. తెలుగులో దాన్ని "తేలని నష్టం" అనుకోవచ్చు. పోయాడని అనుకోవడానికి లేదు, ఉన్నాడని అనుకోవడానికి లేదు కనుక మనసు ప్రతి సాయంత్రం గేటు చప్పుడుకు లేచి చూస్తూనే ఉంటుంది. అలా లేచి చూసే మనసుకు మరో నలుగురి ఆలోచనలను మోసే ఓపిక ఎక్కడిది?

ఇన్నేళ్లలో నేను తెలుసుకున్న ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అయినవాళ్లు చెప్పే సలహాల్లో చాలా భాగం, చేయడానికి పని దొరకని ప్రేమ. మీ తమ్ముడికి మిమ్మల్ని చూస్తే కడుపు మండిపోతోంది, ఆ మంటతో ఏం చేయాలో తెలియక పంచాయితీ అంటున్నాడు. మీ అమ్మగారికి మీ పక్కన కూర్చోవాలని ఉంది, కూర్చోలేక ఫోనులో ఏడుస్తున్నారు. వాళ్లకు నిర్దిష్టంగా ఒక్కొక్క పని అప్పగించి చూడండి, సలహాలు వాటంతట అవే తగ్గుతాయి. కనుక ఎవరి మాట వినాలి అన్న ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఎవరికి ఏ పని చెప్పాలి అన్న ప్రశ్న వేసుకోండి. పని వాళ్లది, నిర్ణయం మీది. ఈ గీత మొదటి ఏడాదిలో గీయకపోతే తరువాత గీయడం చాలా కష్టం, ఎందుకంటే సాయం చేసినవాళ్లకు ఇంటి మీద పెత్తనం తెలియకుండానే అలవాటైపోతుంది.

నా విషయంలో ఆ గీత గీయడం నాకు తెలియలేదు, తెలిసేసరికి జరగవలసిన నష్టం జరిగింది. 1997 మాఘంలో మా పెదనాన్నగారి ఇంట్లో రెండు వైపుల పెద్దలు కూర్చొని, కొంత సొమ్ము ఇప్పించి, ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదనీ బిడ్డ ఖర్చులు కూడా అడగననీ స్టాంపు కాగితం మీద రాయించారు. నా మేలు కోరినవాళ్లే నా చేత సంతకం పెట్టించారు. ఆ కాగితం విడాకులు కాదని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు కోర్టు ఇచ్చేవే. ఏదైనా కులంలో పూర్వం నుంచి ఆచారంగా వస్తున్నదని రుజువు చేయగలిగిన చోట తప్ప, పెద్దల సమక్షంలో రాసుకున్న కాగితానికి ఆ శక్తి లేదు. ఇక బిడ్డ పోషణ బిడ్డ హక్కు, తల్లి సంతకం దాన్ని చెరిపేయలేదు. పెద్దలు కూర్చోవడమే తప్పని నేను అనను. మాట కలపడానికి, ఆయన ఎక్కడ ఉన్నారో కనుక్కోవడానికి, మీ సామాను, పిల్లల కాగితాలు తెప్పించడానికి పెద్దలు పనికి వస్తారు. కానీ న్యాయవాది చదవని కాగితం మీద, అది తెల్లకాగితమైనా స్టాంపు కాగితమైనా, సంతకం పెట్టకండి. మీ తమ్ముడికి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి.

అదే సమయంలో నన్ను నిలబెట్టినవాళ్లు ఎవరో కూడా చెబుతాను, ఎందుకంటే వాళ్లెవరూ పెద్ద పనులు చేయలేదు. మా వదిన ప్రతి మంగళవారం సాయంత్రం వచ్చేది. ఏమీ అడిగేది కాదు. ఉతికిన బట్టలు మడత పెట్టి, మరునాటికి కూర తరిగి, ఎనిమిదింటికి వెళ్లిపోయేది. మంగళవారం వస్తుందన్న నమ్మకంతో నేను సోమవారాన్ని దాటేదాన్ని. పక్కింటి మామ్మగారు మా వాడిని రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తన అరుగు మీద కూర్చోబెట్టుకొని ఎక్కాలు చెప్పించేది, ఆ రెండు గంటల్లోనే నేను టైపు నేర్చుకున్నాను. తపాలా శాఖలో పనిచేసి వచ్చిన మా నాన్నగారు ఒక పొడుగు పుస్తకం కొని, నెల మొదటి ఆదివారం నా జమాఖర్చులు రాసి పెట్టేవారు. "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ఆయన నన్ను ఏడాది తరువాతే మొదటిసారి అడిగారు. సాయంలో విలువైనది దాని పరిమాణం కంటే దాని నిలకడ అని నేను ఆ మంగళవారాల వల్లనే తెలుసుకున్నాను. ఒకేసారి యాభై వేలు ఇచ్చి మరిచిపోయిన బంధువుకంటే, ఏడాదిపాటు ఒక పూట తప్పకుండా వచ్చిన మనిషి మిమ్మల్ని ఎక్కువగా నిలబెడతారు.

ఇప్పుడు గుంటూరు వెళ్లే మాట. నా అభిప్రాయం అడిగారు కనుక సూటిగా చెబుతాను: విద్యాసంవత్సరం ముగిసేదాకా కదలకండి. పిల్లలకు ఇప్పటికే తండ్రి కనిపించడం లేదు. దానికి తోడు బడి, స్నేహితులు, వీధి కూడా ఒకేసారి పోతే వాళ్లకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మీకైతే ఉద్యోగం ఉంది, చిన్నదైనా అది మీ పేరు మీద ఉన్న ఆధారం. విజయవాడకు గుంటూరుకు మధ్య దూరం 40 కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కాబట్టి మీరు ఇల్లు కదలడం కంటే మీ అమ్మగారే నెలకు ఒక వారం వచ్చి ఉండడం తేలిక. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక అద్దె, జీతం, పిల్లల ఫీజులు రెండు ఊళ్లకూ లెక్క వేసుకొని అప్పుడు తేల్చుకోండి. అప్పుడు గుంటూరే మేలనిపిస్తే నిస్సంకోచంగా వెళ్లండి. అయితే, ఇంట్లో మీమీద చేయి చేసుకోవడం వంటివి జరిగి ఉంటే, లేదా ఆయన అర్ధరాత్రి వచ్చి గొడవ చేస్తారన్న భయం ఉంటే నా మాట చెల్లదు. మీరు అటువంటివేమీ రాయలేదు. ఉంటే ఆలస్యం చేయకుండా మహిళల సహాయ నంబరు 181కి గాని అత్యవసర నంబరు 112కి గాని ఫోను చేసి, ఆ రోజే సురక్షితమైన చోటికి వెళ్లండి.

పుట్టింటికి భారం కావడం ఇష్టం లేదని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. ఆ మాట నేనూ అనుకున్నాను, మా అమ్మ చేతి అన్నం ముందు కూర్చొని ముద్ద దిగక లేచిపోయిన రోజులున్నాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఇవాళ వెళ్లి వాటా అడగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ గుమ్మంలో మీరు అతిథి కారని చట్టం సైతం ఒప్పుకుందని మీకు తెలియాలని చెబుతున్నాను. తమ్ముడి భార్య, అంటే మీ మరదలు, ఈ వ్యవహారంలో నోరు విప్పని మనిషిగా ఉండి ఉంటుంది. ఆమెతో మీరు స్వయంగా, తమ్ముడి ద్వారా కాకుండా, ఒకసారి మాట్లాడండి. చాలా ఇళ్లలో ఆడపడుచు కష్టం మరదలికి తెలిసేది భర్త కోపం రూపంలోనే, అందుకే అపార్థాలు పుడతాయి.

మీ అత్తగారి సంగతిలో మీ పుట్టింటివారు "ఆయన తల్లిని ఆయన చూసుకోవాలి, నీకెందుకు?" అంటున్నారని రాశారు. వాళ్ల కోపం అర్థం చేసుకోదగినదే. కానీ మీరే రాశారు, ఉదయం పిల్లల జడలు, డబ్బాలు, సాయంత్రం మీరు వచ్చేదాకా ఇంటి కాపు అన్నీ ఆమేనని, కొడుకు చేసిన పనికి సిగ్గుపడి ఆమె వీధి గుమ్మంలోకి కూడా రావడం లేదని. అటువంటి మనిషిని మీ భర్తకు బదులుగా శిక్షించకండి. ఆమె పోగొట్టుకున్నది కూడా తక్కువేమీ కాదు. అదే సమయంలో ఆమె పోషణ మీ 18,000 రూపాయల మీదే పడవలసిన పని లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కింద ఆమె తన కొడుకు మీద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం దానికి ఉంది. ఆ అర్జీ పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, మీరు బలవంతం చేయవద్దు. ఇలాంటి దారి ఒకటి ఉందని మాత్రం చెప్పండి. ఆమె ముందు ఆయన్ని తిట్టకండి, ఆమె కూడా మీ ముందు కొడుకును వెనకేసుకు రాకూడదని మృదువుగానే, స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క ఒప్పందంతో అత్తాకోడళ్లు పదేళ్లు కలిసి బతికిన ఇల్లు నాకు తెలుసు.

డబ్బు విషయంలో మొదట చూడవలసినది మీ ఫోను నంబరు. వినడానికి చిన్న సంగతిగా ఉంటుంది గాని, సలహా కేంద్రానికి వచ్చిన ఎంతోమంది ఆడవాళ్లు ఇక్కడే చిక్కుకున్నారు. బ్యాంకు ఖాతా మీ పేరునే ఉంటుంది, ఓటీపీ మాత్రం ఆయన ఫోనుకు వెళ్తుంది. ఆధార్‌కు ఆయన నంబరే ఉంటుంది. గ్యాసు, కరెంటు బిల్లు, పిల్లల బడి సందేశాలు అన్నీ ఆయన చేతిలోని ఫోనుకే పోతుంటాయి. ఈ నెలలోనే ఒక్కొక్కటిగా మీ నంబరుకు మార్పించుకోండి, బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము పడే ఖాతా కూడా ఇందులో చూసుకోండి. ఇద్దరి పేరునా ఖాతా, లాకరు ఉంటే బ్యాంకుకు వెళ్లి వాటి షరతులు చదివించుకోండి. మీ జీతం మాత్రం మీ ఒక్కరి ఖాతాలోనే పడేటట్లు చేసుకోండి. వీధిలో ఆయన పేరున చీటీ నడుస్తుంటే, ఎవరు కడుతున్నారు, పాడుకుంటే సొమ్ము ఎవరికి వెళ్తుంది అన్నది చీటీ నడిపే ఆవిడను అడగండి. ఆయన తీసుకున్న అప్పుకు మీరు జామీను సంతకం పెట్టి ఉంటే తప్ప, అప్పులవాళ్లు మీ గుమ్మంలో నిలబడినంత మాత్రాన అది మీ అప్పు కాదు. మీ పెళ్లినాటి బంగారం, పుట్టింటివారు పెట్టినదైనా అత్తింటివారు పెట్టినదైనా, స్త్రీధనంగా మీది. ఆయన దగ్గర దాచిపెట్టిన మాత్రాన ఆయనది కాదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చి చెప్పింది. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, బంగారం రసీదులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆయన జీతానికి సంబంధించి దొరికిన ఏ కాగితమైనా సరే ఒక సంచిలో పెట్టి మీ నాన్నగారికి ఇవ్వండి, నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి.

చట్టం గురించి మీరు "రెండేళ్లు ఆగాలట కదా" అని రాశారు. ఎవరో సగం మాట చెప్పారు. భర్త విడిచి వెళ్లాడన్న కారణం మీద విడాకులు అడగాలంటే, అర్జీ వేసే నాటికి ఆ ఎడబాటు ఎడతెగకుండా కనీసం రెండేళ్లు సాగి ఉండాలి. పోషణ ఖర్చు అడగడానికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగనక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను కింద మీకూ పిల్లలకూ నెలవారీ పోషణ అడగవచ్చు. 2024 జులై 1కి ముందు ఇదే నిబంధన పాత చట్టమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125గా ఉండేది, కనుక పాత న్యాయవాదులు ఇప్పటికీ 125 అనే అంటారు. కేసు తేలేలోగా మధ్యంతర పోషణ కూడా అడగవచ్చు, నోటీసు అందిన నాటినుంచి సాధ్యమైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టమే చెబుతోంది. నిజానికి అంతకంటే ఆలస్యం అవుతుందని ముందే మనసులో పెట్టుకోండి. అర్జీ వేసిన తేదీ నుంచే పోషణ లెక్క కట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, వేయడంలో మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకు నష్టం. ఇంటి ఖర్చులకు ఇవ్వకుండా ఎండగట్టడం కూడా 2005 నాటి గృహహింస చట్టంలో హింస కిందికే వస్తుంది, అద్దె ఇప్పించమని ఆ చట్టం కింద అడగవచ్చు. న్యాయవాది ఫీజు ఎలాగని భయపడకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, వాళ్ల ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ప్రాంగణంలో అడిగినా చెబుతారు, 15100కు ఫోను చేసినా చెబుతారు. నగరంలో 1969 నుంచి పనిచేస్తున్న వాసవ్య మహిళా మండలి వంటి సంస్థలున్నాయి, కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రం ఉంది. మీ ఇద్దరినీ పిలిచి మాట్లాడించే ప్రయత్నం అక్కడ చేయవచ్చు. క్రూరత్వం కేసు పెట్టి లోపల వేయిద్దామని మీ తమ్ముడు అన్న మాటకు నా సమాధానం ఇది: జరిగినది ఉంటే భయపడకుండా పెట్టండి, జరగనిది మాత్రం కోపం కొద్దీ రాయకండి. ఒక్క అబద్ధం మీ నిజమైన అర్జీలన్నిటినీ పలుచన చేస్తుంది.

పిల్లల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. "నాన్న క్యాంపు వెళ్లారు" అని అబ్బాయికి చెబుతున్నామని రాశారు. ఏడు నెలల క్యాంపు ఉండదని ఏడేళ్ల పిల్లవాడికి తెలుసు, మీరు బాధపడతారని అడగడం లేదు. ఒక సెలవు రోజు పొద్దున, రాత్రిపూట మాత్రం వద్దు, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి: నాన్న ఇప్పుడు మనతో ఉండడం లేదు, ఎందుకన్నది పెద్దవాళ్ల సంగతి, అందులో మీ తప్పు ఏమీ లేదు, పరీక్షలయ్యేదాకా ఈ ఇల్లు, మీ బడి మారవు, నేను మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోను. చివరి మాట రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే ఒకరు వెళ్లిన ఇంట్లో పిల్లలు రెండోవాళ్లు కూడా వెళ్తారేమోనని భయపడతారు. నేను బజారుకు వెళ్తే మా వాడు నా చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటూ కూర్చునేవాడు. మీ అమ్మాయి బడిలో తరగతి ఉపాధ్యాయురాలికి విషయం క్లుప్తంగా చెప్పండి. మార్కులు తగ్గినప్పుడు తిట్టేముందు ఆమె ఒకసారి ఆలోచిస్తుంది. పన్నెండేళ్ల ఆ పిల్లను మీ దుఃఖానికి స్నేహితురాలిని చేసుకోకండి. ఆమె ఓదారుస్తుంది, చాలా బాగా ఓదారుస్తుంది, ఆ ఓదార్పులో తన బాల్యం ఖర్చు చేస్తుంది. మీ దుఃఖం వినడానికి మీ ఈడు మనిషి ఒకరు కావాలి. బంధువులు ఎవరైనా పిల్లలను పక్కకు పిలిచి "మీ నాన్న ఫోను చేశాడా, ఎక్కడున్నాడట?" అని ఆరా తీస్తే, మీరు వెంటనే వెళ్లి ఆ మాట మీతో మాట్లాడమని చెప్పండి. మర్యాద చెడుతుందన్న బెంగ వద్దు. ఆయన పిల్లలతో మాట్లాడతానంటే, ప్రమాదం లేనంతవరకు, మాట్లాడనివ్వండి.

మీ అమ్మగారి ఫోనుకు ఒక వేళ పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి పావుగంట అని చెప్పి, ఆ పావుగంటలో రోజూ ఒక పని గురించి మాట్లాడండి: ఊరగాయ, అమ్మాయి పరికిణీ కొలతలు, వచ్చే వారం ప్రయాణం. ఏడుపు వస్తే ఇద్దరూ ఏడవండి, అది తప్పు కాదు, పావుగంట తరువాత మాత్రం పెట్టేయండి. మీ పిన్నిగారి వ్రతాల విషయంలో, మీకు నమ్మకం ఉండి మనసుకు నెమ్మది కలిగితే చేయండి. ఆయన వెనక్కి రావడానికి పూచీగా మాత్రం చేయకండి, రాకపోతే లోపం మీ భక్తిలో ఉందన్న కొత్త బాధ చేరుతుంది. మెట్టెలు తీయాలా, మంగళసూత్రం ఉంచుకోవాలా అని అడిగారు. దానికి చట్టంలో జవాబు లేదు, శాస్త్రం చెప్పడానికి వచ్చేవాళ్లు మీ అద్దె కట్టరు. మీకు ఏది ఒంటికి బరువు కాకుండా ఉంటుందో అదే సరి, ఇవాళ ఒకటి అనిపించి ఆరు నెలలకు మరొకటి అనిపించినా సరే. పేరంటాలకు పిలుపులు తగ్గుతాయి, అది నొప్పిస్తుంది. మొదటి ఏడాది మీరే శ్రావణ శుక్రవారం నాడు ముగ్గురు నలుగురిని పిలిచి తాంబూలం ఇవ్వండి. వచ్చినవాళ్లే మీవాళ్లు. దసరా తొమ్మిది రోజులూ ఊరంతా దుర్గమ్మ కొండమీదికి జంటలు జంటలుగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏదో ఒక సాయంత్రానికి ఎవరినైనా ఇంటికి రమ్మని ముందే చెప్పి ఉంచండి.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదన్నారు. కొన్నాళ్లు అలా ఉండడం సహజమే, కానీ ఏడు నెలలు దాటింది కాబట్టి వైద్యుడికి చూపించుకోవాలి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, టెలిమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మరొకటి, మీరు రాయలేదు కానీ అడగడం నా బాధ్యత: బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లవారేదాకా ఆగకుండా, పక్క గదిలో ఉన్న అత్తగారినైనా సరే లేపి చెప్పండి, తరువాత ఆ నంబరుకు ఫోను చేయండి.

బి.ఎడ్. సగంలో ఆపేశానని, ఇప్పుడు మళ్లీ చేరాలా అని ఒక వాక్యం రాసి వదిలేశారు. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో ఆశగా ఉన్న వాక్యం అదే. గుంటూరులో 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడవాళ్ల చదువు కోసం శారదా నికేతనం స్థాపించారు, తమ కాళ్ల మీద తాము నిలబడాలంటే చదువే దారి అని మన ప్రాంతం వందేళ్ల కిందటే గ్రహించింది. బి.ఎడ్. ఇప్పుడు రెండేళ్ల చదువు కాబట్టి ఈ ఏడాదే మొదలుపెట్టమని చెప్పను. పోషణ అర్జీ వేసి, నిద్ర కుదుటపడి, పిల్లలు కాస్త తేరుకున్నాక, మీ అమ్మగారి రాకపోకలు ఒక పద్ధతిలో పడ్డాక చేరండి.

ఆయన తిరిగి వస్తే ఏం చేయాలని అడగలేదు గాని, ఆ ఆలోచన మీలో ఉంది, ఉండడం తప్పు కాదు. వస్తే గుమ్మంలోనే అవుననీ కాదనీ చెప్పకండి. ఎక్కడున్నారో, ఎందుకు వెళ్లారో, ఇంటి ఖర్చులు ఎలా నడిచాయని అనుకున్నారో మూడో మనిషి ఎదుట మాట్లాడాలని అడిగి, మీ జవాబుకు నెల గడువు తీసుకోండి. మీ వాళ్లు ఆ నెలలో రెండు పక్షాలుగా చీలిపోతారు. అప్పుడు కూడా నిర్ణయం మీదే.

ఇక ఆదివారం. మీ నాన్నగారు వచ్చి భోజనం చేశాక, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు, మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టుకొనే ఈ మాటలు చెప్పండి: "నాన్నా, పరీక్షలయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను. తరువాత ఏం చేయాలో నేనే ఆలోచించి మీకు చెబుతాను. ఈలోగా మీ అందరి సాయం నాకు కావాలి, ఏది కావాలో నేను అడుగుతాను." ఆయన వాదించవచ్చు, కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు, వాదనకు దిగకుండా అదే మాట మళ్లీ చెప్పండి. తమ్ముడికి మీతోపాటు న్యాయ సేవల కార్యాలయానికి వచ్చే పని, అక్కడ మాట్లాడేది మీరేనన్న షరతుతో అప్పగించండి. అమ్మగారికి నెలకు ఒక వారం, మరదలికి వేసవి సెలవుల్లో పిల్లల్ని పది రోజులు ఉంచుకోవడం చెప్పండి. నాన్నగారి చేతికి ఒక కొత్త పొడుగు పుస్తకం, ఆ కాగితాల సంచి ఇచ్చి, ఈ నెల జమాఖర్చులు మీ ఎదుట కూర్చొని రాయమని అడగండి. ఆయన బయలుదేరేముందు మళ్లీ ఏ ఆదివారం వస్తారో అడిగి, ఆ తేదీని ఆయన చేతనే ఆ పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.